ఆపరేషన్ అయ్యాక మనిషి కోలుకుంటాడా, పునరుద్ధరణ అవుతాడా?

పెరంబూరు నుంచి ఒకావిడ రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఉత్తరం పెద్దది, అందులో అసలు సంగతి ఇదీ:

"చెన్నైలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మా దగ్గరికి నెల్లూరు, తిరుపతి, కడప వైపు నుంచి చాలామంది వస్తారు. వాళ్ళకిచ్చే కాగితాలూ గదుల బోర్డులూ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చే పని నా మీద పడింది. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, తెలుగు ఇంట్లో మాట్లాడటమే తప్ప బళ్ళో చదువుకోలేదు. రికవరీ, రెస్టోర్ లాంటి మాట వచ్చిన ప్రతిచోటా 'పునరుద్దరణ' అని పెట్టమన్నారు, ఒకే మాట ఉంటే అయోమయం ఉండదని. అలాగే పెట్టాను. మొన్న నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన రికవరీ రూము బోర్డు చదివి, 'పునరుద్దరణ గదా? ఏంది పాపా, నన్నేమన్నా పాత గుడి అనుకున్నారా?' అన్నారు. అందరూ నవ్వారు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పునరుద్దరణ అంటే అసలు అర్థం ఏంటి, దానికి పర్యాయపదాలు ఏమున్నాయి, వాటిలో ఏది పెట్టమంటారు?"

ముందు ఆ పెద్దాయన మళ్ళీ చెకప్‌కి వస్తే నా నమస్కారం చెప్పండమ్మా. నేనిప్పుడు ఇంత పొడుగున రాయబోయేదాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. అది గుళ్ళకూ గోడలకూ కరెంటు తీగలకూ పనికొచ్చే మాట. మంచి మాటే, తీసుకెళ్ళి వేరే గుమ్మానికి వేలాడదీశారు.

మాటను విప్పి చూద్దాం. పునః అంటే మళ్ళీ. ఉద్ధరణ అంటే పైకి తీయడం, లేవనెత్తడం. సంధ్యవార్చేవాళ్ళ ఇంట్లో ఎప్పుడైనా చూసి ఉంటే పంచపాత్రలో ఒక చిన్న చెంచా ఉంటుంది, దాన్ని ఉద్ధరిణె అంటారు, పాత్రలోని నీళ్ళను పైకి తీస్తుంది కాబట్టి. నీళ్ళు వాటంతటవే లేచి అరచేతిలోకి రావు కదా, ఆ చెంచా పట్టుకునే చెయ్యి ఒకటి ఉండాలి. పునరుద్ధరణ అన్నా అంతే, పడిపోయింది ఒకటి, దాన్ని లేపేవాడు ఇంకొకడు. ఇళ్ళల్లో "నువ్వు ఉద్ధరించింది చాలుగానీ కూర్చో" అని ఎత్తిపొడుస్తుంటారే, అక్కడ కూడా ఉద్ధరించేవాడు ఎప్పుడూ బయటివాడే, తనను తాను ఉద్ధరించుకుంటున్నాడని చెప్పాలంటే ఇంకో ముక్క తగిలించాలి. ఆ ముక్క సంగతి కాసేపట్లో వస్తుంది, మీ ప్రశ్నకు జవాబంతా దాంట్లోనే ఉంది.

లేపేవాడు ఉన్నచోట ఈ మాట ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నై మునిగింది, మీకూ గుర్తుండే ఉంటుంది. మా వీధిలో మోకాటి లోతు నీళ్ళు, రాత్రంతా చీకటి, ఫోన్లన్నీ చచ్చిపోయాయి. చివరికి కరెంటు వచ్చినప్పుడు కింది అంతస్తు నుంచి మేడ దాకా పిల్లలందరిదీ ఒకటే కేక, "కరెంటొచ్చిందీ" అని మావాళ్ళు, "కరెంట్ వందుడుచ్చు" అని ఎదురింటివాళ్ళు. పేపరు వాడు ఇదే సంగతిని "విద్యుత్ సరఫరాను పునరుద్ధరించారు" అని రాస్తాడు. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. పేపరు వాడు స్తంభం ఎక్కిన లైన్‌మన్ వైపు నుంచి చూస్తాడు, పిల్లలు బల్బు వైపు నుంచి చూస్తారు. మీ కాగితం చదివేవాడు ఎటువైపు ఉన్నాడో ఆలోచించుకోండి, సగం పని అయిపోతుంది.

అలాగే చేపాక్‌లో ఖల్సా మహల్. ఆర్కాటు నవాబు కోసం 1768లో కట్టిన ప్యాలెస్‌లో ఒక భాగం అది, 2012 జనవరిలో మంటలంటుకుని బాగా కాలిపోయింది. దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి ఏళ్ళు పట్టింది. అలాంటి పాత కట్టడాలకు సిమెంటు పనికిరాదు, సున్నం కావాలి, అందులో బెల్లమూ కరక్కాయలు నానబెట్టిన నీళ్ళూ కలిపి గారచెయ్యడం మన వైపు పాత పద్ధతి. అదీ పునరుద్ధరణ అంటే. కాలిన గోడ ఎన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నా తనంతట తాను కోలుకోదు.

గుడికైతే దీనికన్నా సొంతమైన మాట ఉంది, జీర్ణోద్ధరణ. జీర్ణం అంటే శిథిలమైపోయింది, అరిగిపోయింది. ఇక్కడి గుళ్ళకు పన్నెండేళ్ళకో ఎప్పుడో పనులు చేయించి కుంభాభిషేకం చేస్తారు చూడండి, ఆ పనులు. మీ పెద్దాయన మనసులో మెదిలింది ఇదే. తిన్నది అరగడం కూడా జీర్ణమే కాబట్టి ఈ మాటను ఆసుపత్రి గుమ్మం తొక్కనివ్వకండి, కడుపు నొప్పి వాళ్ళంతా ఆ గది ముందు క్యూ కడతారు.

చెరువు పూడిక తీసి గట్టు వేస్తే పునరుద్ధరణ. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేలకు పైగా చెరువులను బాగుచేస్తామన్నప్పుడు ఊరూరా వినిపించిన మాట అది. కోర్టులో కూడా ఉంది, 1955 నాటి హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను తెలుగులో "దాంపత్య హక్కుల పునరుద్ధరణ" అంటారు. జడ్జిగారు హక్కును లేపి నిలబెట్టగలడు, కాపురం కోలుకోవడం మాత్రం ఆయన చేతిలో లేదు.

ఇక మనిషి దగ్గరికి రండి. కోలుకొను, తేరుకొను, పుంజుకొను, కుదురుకొను, నిలదొక్కుకొను. ఒకసారి వరసగా పైకి చదవండి. అన్నిటి తోకా ఒకటే కదా. నేను పైన చెప్పిన ముక్క ఈ "కొను"యే. వండింది అంటే ఎవరికోసమైనా వండి ఉండొచ్చు, వండుకుంది అంటే తనకోసం. కొట్టాడు అంటే ఇంకెవరినో, తల కొట్టుకున్నాడు అంటే తన తలే. వ్యాకరణం చదివినవాళ్ళు దీన్ని ఆత్మార్థకం అంటారు, ఆ పేరు మీకు అక్కర్లేదు, మీ అమ్మగారు రోజుకు వందసార్లు వాడుతూ ఉంటారు. ఆ తోక తగలగానే పని తిరిగొచ్చి చేసినవాడి దగ్గరే ఆగుతుంది. డాక్టరు కోస్తాడు, కుట్లు వేస్తాడు, నర్సు మందులిస్తుంది, ఇంటివాళ్ళు టెన్షన్ పడతారు, కోలుకోవడం మాత్రం మంచం మీద ఉన్నవాడే చెయ్యాలి. "డాక్టరు నన్ను కోలుకున్నాడు" అని తెలుగులో ఎవరూ అనలేరు. డాక్టరు రోగిని పునరుద్ధరించాడు అంటే మాత్రం వ్యాకరణం ఒప్పుకుంటుంది, అందుకే అది వినగానే పెద్దాయనకు తాను గోడలా అనిపించాడు.

అయితే వీటిలో ఏదైనా ఒకటి పెట్టేయొచ్చా అంటే, పెట్టలేం. పర్యాయపదాలు అన్నారు గానీ, నా లెక్కలో ఇవి ఒకే ఇంటి అన్నదమ్ములు, పోలిక ఉంటుంది, ఒకడి చొక్కా ఇంకొకడికి పట్టదు.

తేరుకోవడం చూడండి. 2019 ఎండాకాలంలో ఇక్కడ నీళ్ళకు ఎంత కటకటలాడామో మీకు చెప్పక్కర్లేదు, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చిన ఏడాది. మా వీధికి వచ్చే లారీ నీళ్ళు ఒక్కోసారి టీ రంగులో ఉండేవి. వాటిని బిందెల్లో పట్టి వంటింట్లో ఒక మూల పెట్టి, ఎవర్నీ కదపొద్దని చెప్పేదాన్ని. తెల్లారి చూస్తే మట్టంతా అడుక్కు దిగి, పైన తేట నీళ్ళు నిలిచేవి, బిందె అడుగు గోధుమరంగు కాటుక పెట్టినట్టుండేది. నీళ్ళు తేరుకున్నాయి అంటాం దాన్ని. ఎవరూ ఏమీ చెయ్యలేదు, కదపకుండా ఉంచారు, అంతే. మత్తుమందిచ్చిన మనిషిని ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికి తెచ్చి ఒక గదిలో పడుకోబెట్టి, బీపీ చూసుకుంటూ, పేరు పెట్టి పిలుస్తూ, కళ్ళు తెరిచేదాకా కనిపెట్టుకుని ఉంటారే, ఆ గదిలో జరిగేది కూడా అదే. భయం నుంచి, షాకు నుంచి, స్పృహ తప్పడం నుంచి బయటపడటం తేరుకోవడం. నిమిషాలూ గంటలూ పట్టే పని.

కోలుకోవడానికి వారాలూ నెలలూ పడతాయి. టైఫాయిడ్ నుంచి కోలుకుంటారు, అప్పుల నుంచి కోలుకుంటారు, మనిషి పోయిన దుఃఖం నుంచి కోలుకుంటారు లేదా కోలుకోరు. కాబట్టి "ఇంకా తేరుకోలేదు" అని ఎవరైనా ఫోన్లో చెప్తే ఊళ్ళో వాళ్ళు గుండె పట్టుకుంటారు, "ఇంకా కోలుకోలేదు" అంటే సరే, నిదానంగా అవుతుందిలే అంటారు. ఒక్క మాట తేడా, ఇవతల చెప్పేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి.

పుంజుకోవడంలో ఊపు ఉంది. గాలి పుంజుకుంటుంది, వ్యాపారం పుంజుకుంటుంది, రెండో ఇన్నింగ్స్‌లో టీము పుంజుకుంటుంది. మనిషికి వాడినా బాగుంటుంది గానీ కాగితంలో అవసరం పడదు. కుదుటపడటం అంటే నాకు చిన్నప్పటి కుదురు గుర్తొస్తుంది, అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట. అటూ ఇటూ ఊగినది నిలకడగా కూర్చోవడం. జ్వరం హెచ్చుతగ్గులు పోయి కుదుటపడ్డాడు అంటారు, మనసు కుదుటపడింది అంటారు. ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళకు డాక్టరు చెప్పే "ఇప్పుడు స్టేబుల్‌గా ఉంది"కి దగ్గరి మాట.

నయం కావడం వేరే. నయమయ్యేది జబ్బు, కోలుకునేది మనిషి. జబ్బు నయమైన రోజే మనిషి కోలుకున్నట్టు కాదు, డెంగీ వచ్చి తగ్గినవాళ్ళను అడగండి, రిపోర్టు నార్మల్ అని వచ్చినా మెట్లెక్కడానికి ఎన్నాళ్ళు పట్టిందో చెప్తారు.

ఇంకొంచెం కిందికి దిగితే తెలుగు ఒంట్లో ఒక్కో బాధకు ఒక్కో మాట పెట్టుకుంది. పుండు మానుతుంది. ఎముక అతుక్కుంటుంది. వాపు తీస్తుంది. జ్వరం విడుస్తుంది. మత్తు దిగుతుంది. నొప్పి నెమ్మదిస్తుంది. పక్షవాతం వచ్చిన చెయ్యి స్వాధీనంలోకి వస్తుంది, ఎంత మంచి మాటో చూడండి, పోలీసులు దొంగసొత్తును స్వాధీనం చేసుకున్నట్టు మనిషి తన చేతిని తాను తిరిగి తెచ్చుకుంటాడు. వీటన్నిటి మీదా "పునరుద్ధరణ" అని ఒకే స్టాంపు వేస్తే చదివేవాడికి ఏం మిగులుతుంది?

మీరు చెన్నైలో ఉన్నారు కాబట్టి ఒక హెచ్చరిక, "గుణం" దగ్గర. మా మేనత్తకు తుంటి ఎముక విరిగితే గూడూరు నుంచి ఇక్కడికే తీసుకొచ్చాం. ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజు పొద్దున్నే నర్సమ్మ వచ్చి, దుప్పటి సర్దుతూ, "పాట్టీ, ఎల్లాం గుణమాయిడుచ్చు" అంది నవ్వుతూ. అంతా నయమైపోయింది అని ఆ పిల్ల ఉద్దేశం. మా అత్త మొహం చిన్నబోయింది. నర్సు అటు వెళ్ళగానే నా చెయ్యి పట్టుకుని, "ఏమే, ఇంత డబ్బు పోస్తే కాస్త గుణం కనపడిందంటుందే, అంతేనా?" అని అడిగింది, కళ్ళల్లో నీళ్ళు. మన దగ్గర "మందుకు గుణం కనిపించింది" అంటే ఏదో కొంచెం తేడా తెలుస్తోంది అని మాత్రమే. అరవంలో పూర్తయిన పని, తెలుగులో ఇప్పుడే మొదలైన పని. అదే అక్షరాలు. ఆవిడకు నచ్చజెప్పేసరికి కాఫీ చల్లారిపోయింది. మీరు ఇక్కడ పుట్టి పెరిగారు, మీ తెలుగులో ఈ గుణం తమిళ అర్థంతో వచ్చేసే ప్రమాదం ఉంది, చూసుకోండి.

స్వస్థత అని ఒకటుంది. పేపర్లు "అస్వస్థతకు గురయ్యారు" అని రోజూ రాస్తాయి గానీ బాగయ్యాక "స్వస్థతకు గురయ్యారు" అని రాయవు, "కోలుకున్నారు" అనే రాస్తాయి. స్వస్థత ప్రార్థనలు, స్వస్థత కూటములు అని గోడల మీద రాసి రాసి ఆ మాటకు ఇప్పుడు చర్చి వాసన వచ్చింది. తప్పేం లేదు, కాకపోతే ఆసుపత్రి కాగితంలో కనిపిస్తే డాక్టర్లు చేతులెత్తేశారా, ఇక ప్రార్థనేనా అని కొందరికి అనుమానం రావచ్చు.

పునరావాసం కూడా పెట్టొద్దు. ఫిజియోథెరపీ విభాగానికి మీరు అదే పెట్టి ఉంటారని నా అనుమానం, చాలామంది పెడతారు. ఆవాసం అంటే ఇల్లు. సోమశిల ముంపులో ఊళ్ళు పోయినవాళ్ళు కడప వైపు ఎందరో ఉన్నారు, వాళ్ళ చెవికి పునరావాసం అంటే కాలనీ, పట్టా, పరిహారం. మోకాలు మార్పించుకోవడానికి వచ్చిన పెద్దమ్మకు మీరు పునరావాసం అంటే ఇల్లెక్కడిస్తారని అడుగుతుంది, అడగడం న్యాయమే. "కసరత్తులు నేర్పే చోటు" అనండి, లేదా ఫిజియోథెరపీ అని తెలుగు లిపిలో రాసేయండి, అందరికీ తెలుసు.

అసలు రికవరీ అనే మాటే ఉంచేస్తే ఏం అని మీకు అనిపించవచ్చు. కరోనా తర్వాత "రికవరీ అయ్యాడు" అనని ఇల్లు లేదు. మాట్లాడటానికి నాకేం అభ్యంతరం లేదు, నేనూ అంటాను. కాగితం మీదే చిక్కు. గవర్నమెంటు ఉద్యోగికి రికవరీ అంటే జీతంలో కోత, లోను తీసుకున్నవాడికి రికవరీ అంటే ఇంటి ముందు బైకు ఆపే ఏజెంటు. ఆసుపత్రి బిల్లు పక్కనే ఆ మాట కనిపిస్తే ఎవరికైనా ముందు జేబే గుర్తొస్తుంది.

మీ పైవాళ్ళ "ఒకే మాట" సూత్రం మందుల పేర్ల దగ్గర, డోసుల దగ్గర ప్రాణం కాపాడుతుంది, అక్కడ తు.చ. తప్పకుండా పాటించండి. ఇక్కడ మాత్రం ఇంగ్లీషు మాటే నాలుగు పనులు చేస్తోంది, నాలుగు పనులకూ తెలుగులో వేర్వేరు మనుషులున్నారు, ఒక్కడిని పంపిస్తే మిగతా మూడు పనులు చెడతాయి. అలా చెప్పి చూడండి. వినకపోతే ఆ పెద్దాయన మాట చెప్పండి.

మీరు పంపిన వాక్యాలు చూశాను. "మీ పునరుద్ధరణకు 6 వారాలు పట్టవచ్చును" అన్నదాన్ని "మీరు పూర్తిగా కోలుకోవడానికి 6 వారాలు పట్టొచ్చు" అని మార్చండి. "గాయం పునరుద్ధరణ వరకు నీరు తగలరాదు" కాస్తా "కుట్లు వేసినచోట మానేదాకా తడి తగలనివ్వకండి". "చేతి కదలికల పునరుద్ధరణ కొరకు వ్యాయామము" అన్నచోట "చెయ్యి మునుపటిలా ఆడాలంటే ఈ కసరత్తు రోజూ చెయ్యాలి". "సాధారణ ఆహారం పునరుద్ధరించబడును" చదివి నేను కాసేపు ఆగిపోయాను, ఆహారాన్ని ఎవరు, ఎక్కడి నుంచి పైకి తీస్తున్నారో ఊహించుకుంటూ. "ఎప్పటిలా అన్నం ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్తారు" చాలు. ఈ "బడును"లన్నీ తీసేయండి, రోగానికి మందు లేకపోయినా వాటికి ఉంది. "లిఫ్టు సేవలు పునరుద్ధరించాం" అని ఒక నోటీసు ఉంది చూశారా, అది అలాగే ఉంచండి, మీ ఆసుపత్రి మొత్తానికి ఆ మాట సరిగ్గా కూర్చున్నది అక్కడే.

బోర్డు మీద "మత్తు దిగేదాకా ఉంచే గది" అని రాయించండి. పొడుగైందంటే "తేరుకునే గది". రెండోది నాకు ఎక్కువ ఇష్టం, మొదటిది పేషెంటు తాలూకు వాళ్ళకు ఎక్కువ ఉపయోగం, లోపల ఏం జరుగుతోందో, ఎంతసేపు ఆగాలో దాన్ని చూడగానే తెలుస్తుంది కాబట్టి.

ఇంకొకటి చెప్పడం మరిచాను. మీ ఉత్తరంలో ప్రతిచోటా ద కింద ద ఒత్తు ఇచ్చారు. అక్కడ ధ ఒత్తు రావాలి, పునరుద్ధరణ. ఉత్, హరణ కలిసినప్పుడు ఆ హకారం వచ్చి ధ అయింది. అలాగే పునః తర్వాత క, ప లాంటివి వస్తే రెండు చుక్కలు అలాగే ఉంటాయి, పునఃప్రారంభం. అచ్చు గానీ న, వ, జ లాంటివి గానీ వస్తే ర్ అవుతుంది, పునర్నిర్మాణం, పునర్జన్మ. లిఫ్టు దగ్గరి నోటీసులో కూడా ద్ద అనే ఉందేమో, పెయింటరు బోర్డు మార్చడానికి వచ్చినప్పుడు అదీ దిద్దించేయండి, విడిగా పిలిస్తే ఇంకో కూలీ అడుగుతాడు.